బిస్కెట్లు, కేకులు చేసి పంచిపెట్టిన నా అనుభవం

ఏడాది చివర్లో దగ్గరివాళ్లకి ఏదో ఒకటి ఇవ్వడం నాకు అలవాటు. డైరీలు, కప్పులు, కొవ్వొత్తులు ఇచ్చి ఇచ్చి విసుగొచ్చింది. నేనిచ్చిన కప్పు ఎవరింట్లోనైనా మళ్లీ కనపడితే ఒట్టు. అందుకని ఈసారి సొంతంగా బేక్ చేసి ఇద్దామనుకున్నాను. ఓవెన్ నాకు కొత్తేమీ కాదు, కేకులు, కుకీలు ఇంట్లో అప్పుడప్పుడూ చేస్తూనే ఉంటాను. అయితే ఇంట్లోవాళ్ల కోసం చేయడం వేరు, డబ్బాలో సర్ది ఒకరి చేతికి ఇవ్వడం వేరు. ఇంట్లో అయితే వేడివేడిగా ట్రే మీంచే తినేస్తారు. కానుకగా ఇచ్చినది వాళ్లు ఎప్పుడో, తమ తీరిక చూసుకుని తింటారు. అప్పుడు పక్కన నేనుండను. ఆ తినే రోజున అది ఎలా ఉంటుందన్నదే ఇందులో అసలు లెక్క. మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టే తీసుకున్నాను.

మొదట కాగితం మీద రాసింది వంటకాల పేర్లు కాదు, మనుషుల పేర్లు. ఒక్కో పేరు పక్కన ఆ ఇంట్లో ఎంతమంది తింటారు, ఏం తినరు, డబ్బా చేతికి ఇస్తానా కొరియర్‌లో పంపుతానా అని రాసుకున్నాను. పిన్ని వేరే ఊళ్లో ఉంటుంది కాబట్టి ఆవిడకి కొరియర్ తప్పదు. పై ఇంటి పెద్దాయనవి కట్టుడు పళ్లు. ఒక స్నేహితుడి ఇంట్లో గుడ్డు వాడరు. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికి బాదం, జీడిపప్పు లాంటివి పడవు. ఇంకో ఇంట్లో ఇంకా ఏడాది నిండని పాప ఉంది. మా అన్నయ్య వాళ్లదేమో ఎంత పెట్టినా రెండు పూటల్లో ఖాళీ చేసే ఇల్లు.

తెలియని విషయాలు ఊహించుకోకుండా అందరికీ మెసేజ్ పెట్టి అడిగేశాను. "తినేవి ఏవో చేసిద్దామనుకుంటున్నాను, మీ ఇంట్లో ఎవరికైనా పడనివి ఉన్నాయా?" అని. అలా అడిగితే సర్‌ప్రైజ్ ఏముంటుంది అంది వదిన. పోతే పోయింది. పడనిది తిని ఎవరైనా ఆసుపత్రికి పరిగెత్తడం కన్నా పెద్ద సర్‌ప్రైజ్ ఉండదు కదా. అడగడం మంచిదే అయింది. ఒకాయన పంచదార పూర్తిగా మానేశానని రాశాడు. ఆయనకి బేక్ చేసినవి ఇచ్చే ఆలోచనే మానుకుని పుస్తకం కొన్నాను. పంచదార మానేసిన మనిషి ఎదురుగా కేకు పెట్టి "ఒక్క ముక్కకి ఏం కాదులే" అనేవాళ్లంటే నాకు మహా చిరాకు.

జాబితా తయారయ్యాక వంటకాల వంతు వచ్చింది. నాకు చేయడం ఇష్టమైనవే ముందు కొట్టేయాల్సి వచ్చింది. క్రీమ్ పెట్టిన కప్‌కేకులు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి కానీ, డబ్బా ఒక్కసారి పక్కకి ఒరిగిందంటే అంతా మూతకి అంటుకుంటుంది. పైగా క్రీమ్, క్రీమ్ చీజ్, కస్టర్డ్ ఉన్నవేవీ ఫ్రిజ్ బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. తీసుకున్న మనిషి అటునుంచి అటే ఇంకో పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. మన కానుక కోసం ఆయన పరుగులు పెట్టడం ఏం న్యాయం? చాక్లెట్‌లో ముంచిన బిస్కెట్లు కూడా వద్దనుకున్నాను. చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోట్లో పెట్టుకోగానే కరిగేది అందుకే. ఎండలో ఆపిన కారులోనూ అంతే సుఖంగా కరుగుతుంది. మళ్లీ గట్టిపడ్డాక దాని మీద తెల్లటి పొర తేలుతుంది. తింటే ఏమీ కాదు కానీ చూస్తే బూజులా ఉంటుంది. డబ్బా ఇచ్చి వచ్చేశాక "అది బూజు కాదండీ" అని ఫోన్ చేసి చెప్పుకోలేం.

చివరికి మిగిలినవి షార్ట్‌బ్రెడ్ (వెన్న ఎక్కువగా పడే బిస్కెట్లు), బిస్కోటీ (రెండుసార్లు కాల్చే గట్టి బిస్కెట్లు), ఎండుపళ్ల లోఫ్ కేక్ (బ్రెడ్‌లా పొడుగ్గా ఉండే కేకు). చాక్లెట్ చిప్ కుకీల సంగతి ఎటూ తేల్చుకోలేక పక్కన పెట్టాను.

ఇవ్వాల్సిన రోజు ఇంకా చాలా దూరం ఉండగానే ప్రతి రకమూ కొద్దికొద్దిగా చేసి, ఇవ్వబోయే డబ్బాల్లాంటి వాటిలోనే సర్ది, వంటింటి అల్మారాలో పెట్టాను. సాయంత్రం టీ పెట్టినప్పుడల్లా ఒక్కో రకం తీసి విరిచి చూడటం, తినడం, చిన్న పుస్తకంలో రాయడం. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. వచ్చినప్పుడల్లా వదిన కూడా రుచి చూసేది. ఆవిడకి మొహమాటం లేదు. "ఇది నిన్న చేసిందా, పోయిన వారం చేసిందా చెప్పు" అంటే కళ్లు మూసుకుని చెప్పేస్తుంది.

చాక్లెట్ చిప్ కుకీలు చేసిన పూట అమోఘం. మర్నాడు బాగున్నాయి. ఆ తర్వాత రోజురోజుకీ ఎండిపోయి, మామూలు బిస్కెట్ల స్థాయికి దిగిపోయాయి. షార్ట్‌బ్రెడ్ దీనికి పూర్తిగా వేరు. మొదటి రోజు కన్నా రెండు మూడు రోజులు గడిచాక వెన్న రుచి ఇంకా బాగా తెలిసింది, కరకర తగ్గలేదు. బిస్కోటీ సరేసరి, వారాలు గడిచినా ఉలుకూ పలుకూ లేకుండా అలాగే ఉంది. లోఫ్ కేక్ చేసిన రోజున కోస్తే పొడిపొడిగా రాలింది. కాగితంలో చుట్టి ఉంచిన రెండో ముక్క మూడో రోజుకి పండ్లలోని తడి అంతటా పాకి, కత్తికి అంటుకోకుండా చక్కగా తెగింది.

ఒక డబ్బాలో మాత్రం కావాలనే అన్నీ కలిపి పెట్టి చూశాను. అంగళ్లలో అమ్మే గిఫ్ట్ బాక్సుల్లా కాస్త కేకు, కాస్త షార్ట్‌బ్రెడ్, రెండు బిస్కోటీలు. చూడముచ్చటగా ఉంది. మర్నాడు సాయంత్రానికే షార్ట్‌బ్రెడ్ విరిస్తే టక్కున విరగకుండా వంగింది. కేకు ముక్క అంచులు ఎండాయి. అది చాలదన్నట్టు కేకులో వేసిన నారింజ తొక్క వాసన షార్ట్‌బ్రెడ్‌కి పట్టేసింది. వెన్న ఎక్కువగా ఉన్నవి పక్కన ఏ వాసన ఉంటే దాన్ని పీల్చుకుంటాయి.

ఎందుకలా అవుతుందో తెలుసుకున్నాక చాలా విషయాలు సులువయ్యాయి. ఒక పదార్థంలో ఉన్న నీరంతా ఒకేలా ఉండదు. కొంత పంచదారా పిండీ పట్టి ఉంచుతాయి, కొంత విడిగా ఉంటుంది. ఈ విడి నీటిని కొలవడానికి ఒక కొలమానం ఉంది. స్వచ్ఛమైన నీటిది 1 అనుకుంటే, సుమారు 0.6 కన్నా తక్కువ ఉన్నదాంట్లో బూజు కూడా పెరగదు. కరకరలాడే బిస్కెట్లు దానికి ఎంతో కింద ఉంటాయి, మెత్తటి కేకు పైన ఉంటుంది. రెండిటినీ ఒకే డబ్బాలో మూసి పెడితే తడి ఎక్కువ ఉన్నదాన్నుంచి తక్కువ ఉన్నదానికి పోతూనే ఉంటుంది. ఇద్దరూ నష్టపోయే బేరం. కుకీలు ఎండిపోతే డబ్బాలో బ్రెడ్ ముక్క పెట్టమని చెప్పే చిట్కా పనిచేసేది కూడా ఈ కారణంతోనే.

కేకుని ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ రోజులు బాగుంటుందని చాలామంది అనుకుంటారు. క్రీమ్ లాంటివి లేని కేకుకి, బ్రెడ్‌కి అది మేలు చేయదు. బేక్ అయినప్పుడు మెత్తబడిన పిండిపదార్థం చల్లారాక నెమ్మదిగా మళ్లీ గట్టిపడుతుంది, ఫ్రిజ్‌లోని చలిలో ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. బూజు ఆలస్యంగా వస్తుంది కానీ ముక్క ముందే బిరుసెక్కుతుంది. అదే ఫ్రీజర్‌లో, మైనస్ 18 దగ్గర, ఇది దాదాపు ఆగిపోతుంది. కాబట్టి లోఫ్ కేకులు ముందే చేసేసి, పూర్తిగా చల్లారాక గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. ఇచ్చే ముందు రోజు చుట్టు విప్పకుండానే బయట పెట్టి కరగనిచ్చాను. విప్పేస్తే గాలిలోని తేమ కేకు మీద నీటి చుక్కలుగా పడుతుంది. విప్పకపోతే ఆ చుక్కలు కవర్ మీదే ఆగిపోతాయి.

ఇక చేయడం. ఇంట్లో ఒక ట్రే కుకీలు చేసేటప్పుడు కప్పు కొలత సరిపోతుంది. అదే పని ట్రే తర్వాత ట్రే చేయాలంటే తూకం తప్పనిసరి. ఒకే కప్పులో మైదా స్పూనుతో నింపితే సుమారు 120 గ్రాములు, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పడుతుంది. ఈ లెక్కన నాలుగైదు కప్పులు పోసేసరికి దాదాపు ఒక కప్పు మైదా ఎక్కువ పడినా పడినట్టే. ఓవెన్ మాట కూడా అంతే. బటన్ 180 అని చూపిస్తే లోపల 180 ఉందని నమ్మడానికి లేదు. చిన్న ఓవెన్ థర్మామీటర్ లోపల పెట్టి చూస్తే నాది సుమారు 15 డిగ్రీలు ఎక్కువ కొడుతోంది. బిస్కెట్లు అడుగున ముందే ఎర్రబడటానికి కారణం అదన్నమాట. దాన్నిబట్టి తగ్గించి పెట్టుకున్నాను. మరో సంగతి, ఒకే ట్రే మళ్లీ మళ్లీ వాడేటప్పుడు వేడి ట్రే మీద పిండి పెడితే ఓవెన్‌లోకి వెళ్లకముందే వెన్న కరిగి అప్పడంలా పరుచుకుంటుంది. ట్రే వెనక్కి తిప్పి కుళాయి కింద చల్లబరిచి, తుడిచి, అప్పుడు వాడాలి.

షార్ట్‌బ్రెడ్‌కి కావాల్సినవి మూడే వస్తువులు. తూకంలో ఒక వంతు పంచదార, రెండు వంతులు వెన్న, మూడు వంతులు మైదా. అంటే 100 గ్రాములు, 200 గ్రాములు, 300 గ్రాములు. పైన చిటికెడు ఉప్పు. ఇందులో గుడ్డు లేదు కాబట్టి స్నేహితుడి ఇంటికి విడిగా ఏమీ చేసే పని లేకుండా పోయింది. మైదాలో ఓ నలభై గ్రాములు తీసేసి ఆ మేరకు బియ్యప్పిండి కలిపితే విరుపు ఇంకా బాగుంటుంది. వెన్న, పంచదార చేత్తో కలిపి, మైదా వేశాక మాత్రం పిసకకూడదు. మునివేళ్లతో దగ్గరికి తీసుకోవాలంతే. పిసికితే బిగుసుకుపోతుంది. చదరపు ట్రేలో నొక్కి, ఫోర్క్‌తో అంతటా గుచ్చి, 150 నుంచి 160 డిగ్రీల మధ్య అరగంట పైన ఉంచాలి. అంచులు లేత బంగారు రంగుకి వస్తే చాలు. బయటికి తీసిన వెంటనే, ఇంకా వేడిగా మెత్తగా ఉండగానే కత్తితో ముక్కల గీతలు పూర్తిగా దించేయాలి. చల్లారాక కోద్దామంటే ఎటు పడితే అటు పగులుతుంది. కోసినా ట్రేలోంచి తీయకుండా అక్కడే చల్లారనివ్వాలి. గుండ్రటి బిస్కెట్ల కన్నా ఈ చదరపు ముక్కలు డబ్బాలో సందు లేకుండా ఒదుగుతాయి, అందువల్ల దారిలో విరగవు. పిన్నికి కొరియర్‌లో ఇవే పంపాలని అప్పుడే అనుకున్నాను. కట్టుడు పళ్ల పెద్దాయనకి కూడా ఇవే, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి.

బిస్కోటీ దీనికి ఎదురు స్వభావం. వెన్న లేకుండా గుడ్లు, పంచదార, మైదా, బాదంతో పొడుగాటి ముద్దలా చేసి 180లో గట్టిపడేదాకా కాల్చాలి. తర్వాత పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి ఏటవాలుగా ముక్కలు కోయాలి. ఇక్కడే ఓపిక కావాలి. మరీ వేడిగా ఉంటే నలిగిపోతుంది, పూర్తిగా చల్లారితే బాదం దగ్గర కత్తి ఆగి ముక్క పెళ్లున విరుగుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు బ్రెడ్ కోసే పళ్ల కత్తితో, నొక్కకుండా రంపం ఆడించినట్టు ముందుకీ వెనక్కీ లాగితే బాదంపప్పు కూడా అడ్డంగా తెగి లోపలి తెలుపు కనపడుతుంది. ఆ కోత చూసినప్పుడు కలిగే తృప్తి చెప్పలేను. ముక్కల్ని పడుకోబెట్టి 150లో రెండోసారి, రెండు వైపులా కాల్చాలి. తీసేటప్పుడు మధ్యలో కాస్త మెత్తగా ఉన్నట్టనిపిస్తుంది కానీ చల్లారాక గట్టిపడుతుంది. గాలి చొరబడని డబ్బాలో మూడు నాలుగు వారాలు ఉన్నా దీనికేం కాదు. నా దృష్టిలో కానుకగా ఇవ్వడానికి దీన్ని మించింది లేదు, ఎందుకంటే తీసుకున్నవాళ్లకి తొందర లేదు. టీతో ఇవాళ ఒకటి, ఎల్లుండి ఒకటి తినొచ్చు. బిస్కోటీ గట్టిగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్లకి ముంచుకుని తినాలని చెప్పాలి, మొహమాటం అక్కర్లేదు.

ఎండుపళ్ల లోఫ్ కేక్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పళ్లు రాత్రంతా నారింజ రసంలో నానబెట్టడం, పంచదారలో సగం బ్రౌన్ షుగర్ వాడటం, ఈ రెండూ తడిని పట్టి ఉంచుతాయి. లోపల ఉడికిందో లేదో పుల్లతో గుచ్చి చూస్తే పండు తగిలి పుల్లకి అంటుకుని మోసం చేస్తుంది. థర్మామీటర్ ఉంటే మధ్యలో 95 డిగ్రీలు దాటిందా అని చూసుకోవడం నయం. చుట్టేటప్పుడు ముందు బటర్ పేపర్, ఆ పైన ఫాయిల్. పళ్లలోని పులుపు నేరుగా ఫాయిల్‌కి తగలకూడదు.

పక్క సీటు అమ్మాయి విషయంలో చాలా ఆలోచించాను. ఆవిడ డబ్బాకి కావాల్సిన షార్ట్‌బ్రెడ్ అన్నిటికన్నా ముందు, వంటగదిలోకి పప్పులు రాకముందే, గిన్నెలు ట్రేలు మళ్లీ కడిగి చేసి మూతపెట్టేశాను. అయినా ఆవిడతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇదే వంటగదిలో, ఇదే ఓవెన్‌లో బాదం కూడా వాడతాను, నీకు ఏమాత్రం అనుమానం ఉన్నా తినకు, ఇంట్లోవాళ్లకి ఇచ్చెయ్, నేనేమీ అనుకోను అని. ఆవిడ కాసేపు ఆలోచించి, తను తినననీ వాళ్లాయనకి ఇస్తాననీ చెప్పింది. అలా సూటిగా చెప్పడం నాకు నచ్చింది.

చల్లార్చడంలో తొందరపడితే అన్ని రోజుల శ్రమా వృథా. పైన చెయ్యి పెడితే చల్లగా తగిలినా లోపల వెచ్చదనం ఉంటుంది. మూత పెట్టగానే ఆ ఆవిరి మూతకి పట్టి, చుక్కలై కిందికి జారి, కరకరలాడేవి మెత్తబడతాయి, కేకు మీద బూజుకి దారి తెరుచుకుంటుంది. బిస్కెట్లకి గంట, లోఫ్ కేక్‌కి కనీసం రెండు మూడు గంటలు జాలీ మీద ఉంచాను. ముసురు పట్టిన రోజున బిస్కెట్లని అంతకు మించి బయట వదలకూడదు, గాలిలోని తేమ లాగేసుకుంటాయి.

డబ్బాల ఎంపికలో అందం రెండో స్థానం. అట్టపెట్టెలు ముచ్చటగా ఉంటాయి కానీ వెన్నని పీల్చుకుని అడుగున జిడ్డు మరకలు తేలతాయి, గాలి కూడా ఆడుతుంది. బిస్కెట్లకి బిగుతు మూత ఉన్న రేకు డబ్బాలు, లోపల బటర్ పేపర్. అట్టపెట్టె పెట్టక తప్పని చోట ముందు కవర్‌లో వేసి సీల్ చేసి, ఆ పైన పెట్టె. అచ్చు కాగితాలు ఎంత బాగున్నా తినేవాటికి తగలనివ్వలేదు, సిరా అంటుకుంటుంది. రకానికో డబ్బా, కలపడం లేదు. రెండు రకాలు ఇవ్వాల్సిన ఇంటికి రెండు చిన్న డబ్బాలు ఇచ్చాను.

లేబుళ్ల ఆలోచన మా అన్నయ్య కూతురిది. పక్కన కూర్చుని రిబ్బన్లు కత్తిరిస్తూ, "బాబాయ్, కొన్న బిస్కెట్ల మీద ఎప్పటిదాకా తినొచ్చో ఉంటుంది, మరి నీవాటి మీద?" అంది. నిజమే కదా. ఇంట్లో చేసినవాటికి అది ఇంకా ఎక్కువ అవసరం. చేసిన తేదీ, ఎప్పటిలోగా తింటే బాగుంటుంది, ఎక్కడ పెట్టాలి, లోపల ఏమేం ఉన్నాయి అన్నీ దాని చేతే రాయించాను. అలర్జీ తెప్పించేవాటిలో ఏవి మర్చిపోతానో అని అధికారిక జాబితాలు ముందు పెట్టుకున్నాను. యూరోపియన్ యూనియన్‌లో తప్పక చెప్పాల్సినవి 14 రకాలు, అమెరికాలో 9. అక్కడ నువ్వులు తొమ్మిదోదిగా 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. నావాటిలో ఉన్నవి గోధుమ, పాలు, గుడ్డు, బాదం. పాప ఉన్న ఇంటికి ఇచ్చినవాటిలో తేనె అసలు వాడలేదు. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు, బేక్ చేసినా అందులో ఉండగల, బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బాక్టీరియా బీజాలు చావవు. కుక్క ఉన్న ఇంటి డబ్బా మీద "ఎండుద్రాక్ష ఉంది, కుక్కకి పెట్టొద్దు" అని పెద్ద అక్షరాలతో రాయించాను. ఎండుద్రాక్ష, చాక్లెట్ రెండూ కుక్కలకి విషం లాంటివి. లేబుల్ చివర "డబ్బా తిరిగి ఇవ్వనక్కర్లేదు" అని చేర్చింది మాత్రం నేను. ఆ ఒక్క ముక్క లేకపోతే తీసుకున్నవాళ్లకి డబ్బా ఎప్పుడివ్వాలి, ఏం పెట్టి ఇవ్వాలి అని లేనిపోని టెన్షన్.

కొరియర్ పెట్టె కోసం షార్ట్‌బ్రెడ్ ముక్కల్ని రెండేసి చొప్పున వీపుకి వీపు ఆనించి చుట్టి, డబ్బాలో నిలువుగా నిలబెట్టాను. పడుకోబెట్టి దొంతరగా పెడితే పైవాటి బరువుకి కిందివి పగులుతాయి. సందుల్లో నలిపిన కాగితం కూరి, డబ్బా చుట్టూ బబుల్ ర్యాప్ చుట్టి, దాన్ని ఇంకో పెద్ద పెట్టెలో పెట్టాను. సీల్ చేసే ముందు పెట్టె చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపి చూడాలి. కదిలిన చప్పుడు వినపడితే ఇంకా కాగితం కూరాలి. వారం మొదట్లో పంపితే శని, ఆదివారాలు గోడౌన్‌లో పడి ఉండే బాధ తప్పుతుంది. పిన్ని ఫోన్ చేసి మొదట అడిగింది రుచి గురించి కాదు. "ఇదేం కట్టడంరా, విప్పడానికి కత్తెర, చాకు, చివరికి పక్కింటాయన కావాల్సొచ్చారు" అంది. ముక్కలు మాత్రం ఒక్కటీ విరగలేదట.

చేతికి ఇచ్చినవాటికి రకరకాల స్పందనలు వచ్చాయి. పై ఇంటి పెద్దాయన గుమ్మంలోనే మూత తీసి ఒకటి నోట్లో వేసుకున్నారు. మరో ఇంట్లో తీసుకున్నావిడ "ఇంట్లో చేశారా?" అని అడిగిన తీరులో మెచ్చుకోలు కన్నా అనుమానమే ఎక్కువ. తర్వాత వాళ్లు దాని ఊసెత్తలేదు, నేనూ అడగలేదు. ఎవరి వంటగదో చూడకుండా తినడానికి వెనకాడేవాళ్లుంటారు, అందులో తప్పేముంది? ఇచ్చేదాకానే నా పని. తిన్నారా, ఎలా ఉంది, అన్నీ అయిపోయాయా అని వెంటపడితే అవతలివాళ్లు అబద్ధం చెప్పక తప్పదు.

పక్కన పెట్టిన చాక్లెట్ చిప్ కుకీల సంగతి అన్నయ్య వాళ్లింటి కోసం తేలింది. చేసిన పూటే బాగుండేవాటిని చేసిన పూటే తినేలా ఇవ్వాలి, అంతే కదా. పిండి ముద్దని ఉండలుగా చుట్టి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, జిప్ కవర్‌లో వేసి, పైన సూచనలు రాసి ఇచ్చాను. మూడు నెలల దాకా నిల్వ ఉంటాయి. కావాలనుకున్నప్పుడు కావాల్సినన్ని తీసి, కరగనివ్వకుండా నేరుగా ఓవెన్‌లో పెట్టొచ్చు, మామూలు కన్నా ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పచ్చి పిండి మాత్రం రుచి చూడొద్దని కింద గీత గీసి మరీ రాశాను. గుడ్డు వల్లే ప్రమాదం అనుకుంటారు కానీ పచ్చి మైదాలోనూ హానిచేసే బాక్టీరియా ఉండొచ్చు. ఓవెన్ ఉన్న ఇంటికి, ఫ్రీజర్‌లో చోటున్న ఇంటికి మాత్రమే ఇది పనికొచ్చే కానుక. నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి కూడా, దారిలో కరగకుండా.

ఇచ్చిన రెండు రోజులకే మా అన్నయ్య కూతురు ట్రే ఫోటో పంపింది. అంచులు నల్లబడ్డాయి, మధ్యలో బాగానే ఉన్నాయి. "నువ్వు రాసినట్టే చేశాను బాబాయ్, 180, పన్నెండు నిమిషాలు" అని కింద రాసింది. వాళ్ల ఓవెన్ కూడా ఎక్కువ కొడుతున్నట్టుంది. 170లో పెట్టి, పది నిమిషాల నుంచి కళ్లప్పగించి చూడమని జవాబిచ్చాను. నా ఓవెన్ థర్మామీటర్ ప్రస్తుతం వాళ్లింట్లో ఉంది.